ఏమీ తెలియని మేడం

మా మేడంగారికి ఒకటే జబ్బు. ఏది అడిగినా "నాకు తెలీదు" అంటారు. పోనీలే అనుకోవచ్చు, కానీ ఆవిడ ఉద్యోగమే తెలివిని కొలవడం! వయసు రాకముందే బడిలో చేరాలని వచ్చే నాలుగేళ్ల చురుకు పిల్లలకు ఆవిడే పరీక్ష పెట్టాలి. పక్కన కూర్చుని, గడియారం చూస్తూ మార్కులు వేసుకునే ఖర్మ నాది.

తలకు ఇరవై నిమిషాలని నియమం. ఈవిడకు గంట చాలదు. "ఇది ఏ ఆకారం?" అని కాగితంలో ఉంటే, "ఇదేమిటో తెలీక పొద్దున్నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా బాబూ" అంటారు. ఓ బుడతడు జాలిపడి త్రిభుజం మీద అరగంట క్లాసు పీకాడు.

"మేడం, బయట ఇంకా ఏడుగురున్నారు!" అని మొత్తుకున్నాను.

"ఏడంటే ఎంత నాన్నా?" అని మళ్లీ వాణ్ణే అడిగారు. వాడు వేళ్లు తెరిచాడు. నేను తల పట్టుకున్నాను.

ఓసారి పై అధికారి తనిఖీకి వచ్చి, ఎంతమంది పాసయ్యారని అడిగాడు. "తెలీదండీ" అన్నారు మేడం. ఆయన నన్ను చూసిన చూపుకు కుర్చీలోనే కుంచించుకుపోయాను.

ఆమధ్య ఓ తాతగారు మనవరాలితో దిగారు. "మా బంగారుతల్లికి నూట యాభై దేశాల రాజధానులు కంఠతా వచ్చు. సీటు వచ్చేసిందని వీధంతా చెప్పేశాను కూడా!" అన్నారు. ఆయన్ను బయట కూర్చోబెట్టి తలుపు వేశాను.

పిల్ల రాజధానులు గడగడా అప్పజెప్పింది. బొమ్మలో ఉన్నట్టు చెక్కముక్కలు పేర్చమంటే మాత్రం చేతులాడలేదు. చిన్న కథ చెప్పి ఎందుకలా జరిగిందంటే బిక్కమొహం వేసింది.

"తాతయ్య తిడతాడు..."

"ఇది నాకూ రాదమ్మా" అంటూ మేడం ముక్కలు పక్కకు తోసేశారు. "అంతెందుకు, బూటు లేసు కట్టుకోవడమే రాదు. నీకు వచ్చా?"

నా కళ్లముందే లేసు ఊడదీసి కాలు చాపారు! పిల్ల నేలమీద చతికిలబడింది. "ఇదో చెవి. ఇదో చెవి. ఇప్పుడు లాగాలి."

"అయ్యో, మర్చిపోయా. మళ్లీ చెప్పవూ?"

ఆరుసార్లు చెప్పించుకున్నారు. నేను పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

మేడం తాతగారిని లోపలికి పిలిచి, వచ్చే ఏడాది తీసుకురమ్మనగానే ఆయన ఇంతెత్తున లేచారు. "మా పిల్లకేం తక్కువ? ఏడాది వృథా చేస్తారా?"

మనవరాలు ఆయన చెయ్యి లాగింది. "అరవకు తాతయ్యా. పాపం, ఆవిడకు లేసు కట్టుకోవడం కూడా రాదు. నేనే నేర్పా. బాగానే నేర్చుకుంది."

తాతగారు మేడం బూటు వంక చూశారు. "నువ్వే నేర్పావా?" అంటూ మెల్లగా పిల్లను ఎత్తుకున్నారు.

అప్పుడు తట్టింది నాకు. ఈ తొమ్మిదేళ్లలో ఆ గదిలోంచి ఏడుస్తూ బయటకొచ్చిన పిల్లలు ఒక్కరూ లేరు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆవిడ తూలబోయారు. "ముడి ఊడిపోతోంది, సరిగ్గా కట్టుకోండి మేడం!" అని విసుక్కున్నాను.

"వద్దులే, ఎంత కష్టపడి కట్టిందో" అంటూ ఆ వంకర ముడితోనే ఒక్కో మెట్టూ దిగసాగారు.

తిట్టుకుంటూనే చెయ్యి అందించాను.