ఆల్టరు దగ్గర కుర్చీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది పుట్టుకతో వచ్చింది. నడుం నొప్పి మాత్రం కూర్చుని సంపాదించుకున్నాను. భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కుర్చీలోనే. ఎవరి పుట్టినరోజైనా కేకు ముక్కా, పఫ్ఫూ నా టేబుల్ మీదకి రావాల్సిందే. ఆదివారం చర్చి అయ్యాక మా వదిన, అంటే మా ఆయన అక్కగారి ఇంట్లో భోజనం. కంచానికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి నెయ్యి పోసే మనిషి ఆవిడ. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నా విషయంలో కొండ పెరిగింది.

మాది లూథరన్ చర్చి. నెలకోసారి ప్రభు భోజనం ఇచ్చేటప్పుడు వరసలవారీగా ముందుకెళ్లి, ఆల్టరు, అంటే బలిపీఠం ముందున్న చెక్క కమ్మీ దగ్గర మోకరిస్తాం. పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చి దీవిస్తారు. ఆ వరస లేస్తే వెనక వరస వస్తుంది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం మా వరసంతా లేచింది. నేను లేవలేకపోయాను. నడుంలోంచి ఎడమకాలి మడమ దాకా ఒకటే సలుపు. వదిన ఒక చంక కింద, ఇంకొకావిడ రెండో చంక కింద చేతులు పెట్టి, "ఆయ్, పట్టండి, పట్టండి" అంటూ ధాన్యం బస్తాని లేపినట్టు లేపారు. వెనక వరస మొత్తం నిలబడి చూస్తోంది. తల తీసేసినట్టయింది.

మరుసటి నెల వెళ్లేసరికి కమ్మీ చివర తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంది. "మీరు కూర్చునే తీసుకోండమ్మా, దేవుడేం అనుకోడు" అన్నారు అయ్యగారు, మంచి మనసుతోనే. దేవుడు అనుకోడని నాకూ తెలుసు. నేను అనుకుంటాను కదా! డెబ్బై ఏళ్లవాళ్లు మోకరిస్తుంటే, నలభై ఆరేళ్ల నేను కుర్చీలో! ఎలాగైనా ఆ కమ్మీ దగ్గర నా అంతట నేను మోకరించి, నా అంతట నేను లేవాలి. అదొక్కటే పట్టుకుంది నన్ను.

అందుకు మొదట చేసిన ఘనకార్యం ఏమిటంటే, పడుకోవడం. విశ్రాంతి తీసుకుంటే అదే తగ్గుతుందని చెప్పనివాళ్లు లేరు. మినుములు నడుముకి బలమని వదిన డబ్బాడు సున్నుండలు చేసి పంపింది. పూటకి రెండు చొప్పున మందులా మింగాను. డబ్బా ఖాళీ అయింది, వదిన మళ్లీ నింపింది. నడుం మాత్రం లేవలేదు.

చివరికి డాక్టరు దగ్గరికి వెళితే నడుముకి స్కానింగ్ తీయించి, ఆ ఫిల్ము లైటుకి పెట్టి చూసి, "మీ నడుం తప్పేం లేదమ్మా. ముందుకి లాగే పొట్ట బరువుని రోజంతా వెనక కండరాలు పట్టుకుని నిలబెడుతున్నాయి. ఎముకల మధ్య డిస్కులు నలిగి, ఒకటి కాస్త బయటికొచ్చి నరాన్ని నొక్కుతోంది. పడుకోవడం మానేసి నడవండి. బరువు తగ్గండి" అన్నారు.

నాకు మండింది. "సన్నగా ఉన్నవాళ్లకి రాదాండీ నడుం నొప్పి?"

"వస్తుందండి. వాళ్లకి చెప్పేది వాళ్లకి చెప్తాను."

డాక్టరు మాట నేను నమ్మింది ఆసుపత్రిలో కాదు, మా వాకిట్లో. మా ఆయన ఆటోలోంచి పాతిక కేజీల బియ్యం బస్తా దింపారు. మూల చిరిగిందని భుజాన వేసుకోకుండా పొట్టకి హత్తుకుని, వెనక్కి వాలిపోతూ నడిచారు. అచ్చం నా నడకే! వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అమ్మో, నడుం పోయిందే" అని ధబీమని దింపేశారు. ఆయన దింపేశారు సరే, నేనెక్కడ దింపను?

మర్నాడు పొద్దున్నే ఆరింటికి నడవడానికి కాలవ గట్టెక్కాను. తూము దాకా వెళ్లేసరికి డాక్టర్ని తిట్టని తిట్టు లేదు. అయినా మానలేదు. ఆయన నేర్పిన వ్యాయామాలు చాప మీద చేశాను. సున్నుండల డబ్బా ఆఫీసులో పంచేశాను. ఆదివారం వదిన గరిటె ఎత్తగానే చెప్పేశాను: "వదినా, నా నడుం బాగుపడాలంటే ఆ గరిటె నా కంచం మీదకి రాకూడదు."

"అంతేలే, నా చేతి తిండి చేదైపోయింది!" అని రెండు వారాలు మాట్లాడలేదు. పది నెలలకి పద్నాలుగు కేజీలు దిగాను. సలుపు ఒక్కసారిగా పోలేదు. ముందు మడమ వదిలింది, తర్వాత పిక్క వదిలింది. మంచం పక్కన మోకరించడం, ఏమీ పట్టుకోకుండా లేవడం రోజూ సాధన చేశాను. రెండుసార్లు పక్కకి ఒరిగి పడ్డాను. మా ఆయన నవ్వితే దిండు విసిరాను.

ఆ నెల ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం కుర్చీ అలవాటుగా దాని చోట ఉంది. దాన్ని దాటుకుని వెళ్లి, వదిన పక్కన మోకరించాను. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, రొట్టె నా చేతిలో పెట్టారు. ద్రాక్షారసం తాగాను. దీవెన అయింది. వరస లేస్తోంది. వదిన చెయ్యి నా చంక కిందకి వచ్చింది.

"వద్దు వదినా."

కుడి పాదం నేలకి ఆనించాను. తొడ బిగించాను. కమ్మీ ముట్టుకోలేదు. లేచాను! గట్టిగా కేక వేయాలనిపించింది. చర్చి కాబట్టి పెదవులు బిగబట్టుకున్నాను, కళ్ల నీళ్లు మాత్రం ఆగలేదు.

ఆరాధన అయ్యాక ఆ కుర్చీ నేనే ఎత్తుకుని వెనక గదివైపు నడిచాను. వదిన మోకాళ్లు పట్టుకుంటూ నా వెంటపడింది. "ఏయ్, అదెక్కడికే? నా మోకాళ్లూ మొరాయిస్తున్నాయి, వచ్చే నెల నాకు కావాలి."

"మీకు ఇవ్వను. రేపు ఆరింటికి గట్టు మీదకి రండి."

అలిగి వెళ్లిపోయింది. మర్నాడు నేను గట్టెక్కేసరికి తూము దగ్గర నిలబడి, ఇంత ఆలస్యమేంటని నన్నే తిట్టింది.