బోదురుకప్ప పెత్తనం

ఒక వయసులో నాకు కోపం తెప్పించడం చాలా తేలిక. "ఏం ఉద్యోగం పాపా?" అని అడిగితే చాలు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించి, తిరుపతి దగ్గర కొండ కింద ఉన్న ఒక చిన్న కేంద్రంలో కప్పలు పెంచే ఉద్యోగంలో చేరిన కొత్త. "కప్పలు పెంచుతాను" అనగానే ఎదుటివాళ్ల మొహంలో మొదట జాలి, తర్వాత నవ్వు, ఆ తర్వాత "ఎగుమతి చేస్తారా?" అనే ప్రశ్న, ఎప్పుడూ అదే వరసలో వచ్చేవి. పులుల్ని కాపాడుతున్నానంటే చేతులు జోడించే జనం, ఏనుగుల కోసం పనిచేస్తున్నానంటే కుర్చీ వేసే జనం, కప్ప అనేసరికి ఎందుకు పళ్లికిలించాలో నాకు అర్థమయ్యేది కాదు. ఒళ్లు మండిపోయేది. (ఇప్పటికీ మండుతుంది. కాకపోతే ఇప్పుడు ముందు బీపీ మాత్ర వేసుకుంటాను.)

మేం పెంచే కప్ప బొటనవేలి గోరంత ఉంటుంది. రంగు ఎండుటాకు రంగు. శేషాచలం కొండల్లో వాగుల పక్కన, తడి రాళ్ల కింద బతుకుతుంది. వాగులు ముందుగానే ఎండిపోతూ, మిగిలిన నీళ్లలో ప్లాస్టిక్ కవర్లు పేరుకుపోతూ, ఒక్కొక్క వాగులో దాని గొంతు వినిపించడం మానేసింది. మిగిలిన వాటిలో కొన్నింటిని తెచ్చి, గదిలో వాగులాంటి చల్లదనం, తేమ కల్పించి, గుడ్లు పెట్టించి, పిల్లలు ఎదిగాక తిరిగి కొండకు చేర్చాలన్నది మా సారు పట్టుదల. సారు చాలా మంచివాడు. కప్పల గురించి గంటలు గంటలు మాట్లాడగలడు గానీ, మనుషుల్ని ఏదైనా అడగాల్సి వస్తే గొంతు పెగిలేది కాదు. మాకు కావలసిందేమో మనుషుల్ని అడిగితేనే వచ్చేది. గది చల్లగా ఉండాలంటే కరెంటు ఉండాలి. తిరుపతి ఎండల్లో కరెంటు పోయినప్పుడల్లా నేను ఐసుగడ్డలు, తడిగుడ్డలు పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఒక మధ్యాహ్నం నేను ఐసు తెచ్చేలోపలే మూడు కప్పలు వెల్లకిలా పడిపోయి ఉన్నాయి. జనరేటర్ ఇప్పించమని వెళ్లినచోటల్లా "కప్పలకు జనరేటరా?" అని నవ్వి, కాఫీ ఇచ్చి పంపారు. ఆ కాఫీ నేను తాగలేదు. సారు మాత్రం నాది కూడా తాగాడు.

చివరికి మా నాయనే దారి చూపించాడు. బంగారుపాళ్యంలో మా మామిడితోట కాయలు వెళ్లే గుజ్జు ఫ్యాక్టరీ యజమానిని అడగమన్నాడు. ఆయన మాకు చుట్టమేమీ కాదు గానీ చిన్నప్పటినుంచీ మామా అనే పిలిచేదాన్ని. మామ నా మాటలన్నీ విని, "కప్పలుంటే తోటల్లో పురుగు తగ్గుతాది గదా, మంచిదే. జనరేటర్ ఇస్తాను. కానీ మే, కప్పను ఈడికి తీసుకొని రావాల. నలుగురికీ సూపిచ్చి, నలుగురిలో ఇస్తాను" అన్నాడు. జనం మద్దతు ఇంత తేలిగ్గా దొరుకుతుందని తెలియక ఇన్నాళ్లూ ఊరికే కోపం తెచ్చుకున్నానని ఆ సాయంత్రం బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను.

ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేశారు. వేదిక వెనక ఫ్లెక్సీ మీద మామ ఫోటో, ఆయన పక్కనే అంతే పొడవున ఒక కప్ప బొమ్మ. ఒళ్లంతా ఆకుపచ్చ, కళ్లు ఎర్రటి ఎరుపు. ఏ దేశపు కప్పో దేవుడికే తెలియాలి. దాని కింద నేను మా గాజుపెట్టె పెట్టాను. ముందు వరసలో వాళ్లు మెడలు చాచారు. "యాడుండాది?" అన్నారు. "ఆ ఆకు పక్కన" అన్నాను. "ఏ ఆకు?" అన్నారు. మామ వంగి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, నా చెవిలో, "పిల్లను తెచ్చినావు, తల్లిని తేలేదా మే?" అన్నాడు. "ఇదే పెద్దది మామా, ఇంతకన్నా పెరగదు" అని నేను అంటూనే ఉన్నాను, ఇంతలో ఎవరో ఫ్యాక్టరీ నీళ్ల సంపులోంచి అరచేతిలో పట్టనంత బోదురుకప్పను బక్కెట్లో వేసుకొచ్చారు. "ఇదిగో తల్లి" అన్నాడు మామ. చప్పట్లు మోగిపోయాయి. దాని మీద బంతిపూలు చల్లారు. మామ దానికి 'బంగారి' అని పేరు పెట్టి దత్తత తీసుకున్నట్టు మైకులో ప్రకటించాడు. నేను లేచి మైకు వైపు నడవబోతే, జీవితంలో ఎవరినీ ఆపని మా సారు నా మోచెయ్యి పట్టుకుని, "జనరేటర్ లారీలో ఎక్కేదాకా ఆగమ్మా" అన్నాడు. మర్నాడు పేపర్లో, అంతరించిపోతున్న అరుదైన కప్ప అంటూ, ఏ మడుగులో చూసినా దొరికే ఆ బోదురుకప్ప ఫోటో వచ్చింది. నేను ఆ పేపర్ని నాలుగు మడతలు పెట్టి బంగారి తొట్టి కింద ఎత్తుకు వేశాను.

అవును, బంగారి మాతోనే వచ్చేసింది. దాత దత్తత తీసుకున్న కప్పను సంపులో వదిలేస్తే బాగుండదు కదా. దానికి వరండాలో పెద్ద తొట్టి, తొట్టికి మామ పేరుతో బోర్డు. బడిపిల్లలు వచ్చి చూశారు. తిరుమల మీద అంగడి పెట్టుకున్న ఒకాయన కుటుంబంతో సహా వచ్చి, పాప పుట్టినరోజుకు కప్పల తిండి ఖర్చు ఇస్తానన్నాడు. వచ్చినవాళ్లు బంగారిని చూసి, "అబ్బా, ఎంత ఉండాదో" అని మురిసిపోయి, లోపలి గదివైపు తల కూడా తిప్పకుండా వెళ్లిపోయేవారు. దానికి రోజూ బొద్దింకలు పట్టిపెట్టే బాధ్యత నాది. విశ్వవిద్యాలయంలో మెడల్ తెచ్చుకున్నదాన్ని, వేషధారి కప్ప కోసం చీపురు పట్టుకుని వంటింటి మూలల్లో దేవులాడుతుంటే, అది నన్ను అత్తగారిలా చూసేది.

కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ రోజునుంచీ లోపలి గది ఒక్కసారి కూడా వేడెక్కలేదు. తొలకరి నాటికి మగకప్పలు పిలవడం మొదలుపెట్టాయి. టిక్, టిక్, టిక్‌మని, సన్నని గడియారం చప్పుడు. కొన్నాళ్లకు ఆకుల అడుగున సగ్గుబియ్యం గింజల్లాంటి గుడ్లు కనిపించాయి. సారు కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లి, బంగారి తొట్టి ముందు నిలబడి దానికి నమస్కారం పెట్టాడు. అదీ నాకు నచ్చలేదు.

పిల్లలు ఎదిగాయన్న కబురు విని మామ, అత్తను వెంటబెట్టుకుని, ఒక ఫోటోగ్రాఫర్‌తో సహా దిగాడు. గాజుతొట్టిలో గోరంత కప్పల్ని చూసి పొంగిపోయి, "తల్లిని తెచ్చి పిల్లల్లో పెట్టండప్పా, ఒక ఫోటో తీసుకుందాం" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆ ఫోటోగ్రాఫర్ వరండాలోకి వెళ్లి, బంగారిని రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చేశాడు. దాన్ని ఆ తొట్టిలో దించితే ఏమవుతుందో నాకు తెలుసు. నోట పట్టే దేన్నయినా మింగే జీవి అది. నేను గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాను.

"అది తల్లి కాదు మామా. లోపల పెడితే ఒక్కొక్కదాన్నే మింగేస్తాది. అసలది ఆడది కూడా కాదు, వానలకు పసుప్పచ్చగా తిరిగింది సూడు, మగది" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. అన్ని నెలల బొద్దింకలూ గుర్తొచ్చి ఆగలేకపోయాను. "నువ్వు పూలు చల్లింది, పేరు పెట్టింది, పేపర్లో ఎక్కిచ్చింది, మీ సంపులో కప్పకి. అది యాడైనా బతుకుతాది. పోతా ఉండేది ఇవి. గోరంత ఉండాయని ఒక్కరూ వీటి మొగం సూడరు. కంటికి ఆనేంత లావుంటేనే బతకాల్నా? ఆనకపోతే సచ్చిపోయినా మనకి పట్టదా?"

సారు గోడకు ఆనుకున్నాడు. (జనరేటర్ లేని ఎండాకాలం ఆయన కళ్లలో కనబడింది.) మొదట అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా బంగారికి పిల్లలు పుట్టినాయని ఊరంతా చెప్పుకొని తిరిగినాడమ్మా ఈ మనిషి" అంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. మామ నవ్వలేదు. తొట్టి ముందు మోకాళ్లు పట్టుకుని మెల్లిగా కూర్చున్నాడు. ఆ పక్క రాయి మీద ఒక మగకప్ప గొంతు కింద బుడగ ఊదుకుని టిక్ టిక్‌మంది. మామ మొహం గాజుకు ఇంకా దగ్గరగా పెట్టాడు.

"ఆ సద్దు దీనిదేనా మే?"

"దీనిదే మామా."

"నేను గోడ మీద గడియారం అనుకున్న్యా." చాలాసేపు అక్కడినుంచి లేవలేదు. లేచాక, "జనరేటర్ యాడికీ పోదులే" అని కారెక్కాడు.

నాలుగు రోజుల తర్వాత బంగారుపాళ్యం నుంచి జనం రావడం మొదలైంది. రైతులు, ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. బంగారిని దాటుకుని నేరుగా లోపలికి వచ్చి, చిన్నకప్ప యాడుందని అడుగుతున్నారు. సంతోషంతో ఉక్కిరిబిక్కిరై, మీకెలా తెలిసిందని అడిగాను. "మా ఫ్యాక్టరీ ఓనరు చెప్పినాడు. తల్లి కాదని ఆయప్పే కనిపెట్టినాడంట గదా? మీ ఆఫీసులో ఎవురికీ తెలీలేదంట. ఆనకపోతే సచ్చిపోయినా మనకి పట్టదా అని ఆయప్ప అడిగితే మాకు ఏడుపొచ్చింది పాపా" అంది ఒకామె. నా మాటలు. నా కోపం. పూర్తిగా ఎత్తుకుపోయి, తన మీసం తగిలించి ఊరంతా పంచాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. సారు మాత్రం నన్ను ఓదార్చకుండా, ఎంతమంది వచ్చారో చూశావా అని మూడుసార్లు అడిగాడు.

ఆ వానాకాలంలోనే పిల్లకప్పల్ని కొండవాగులో వదిలాం. మామ ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. ఫోటోగ్రాఫర్‌ని తేలేదు. ఒక కప్ప ఆయన వేలి మీద కాసేపు కూర్చుని, రాతి సందులోకి దూకి కనబడకుండా పోయింది. "పోయి బతుక్కో" అన్నాడు మెల్లగా. అప్పుడు కూడా ఆ మాట నేను అందామనుకున్నదే.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న మంచి వాన పడ్డాక ఒక్కదాన్నే ఆ వాగు దగ్గరికి వెళ్లాను. కప్పలు నా కంటికి ఆనలేదు గానీ, రాళ్లలోంచి టిక్ టిక్‌మని రెండు వైపులా గొంతులు వినిపించాయి. అక్కడే ఒక కుటుంబం పులిహోర తిని పేపరు ప్లేట్లు నీళ్లలోకి విసురుతోంది. నేను వెళ్లి ఆ ప్లేట్లు ఏరి సంచిలో వేసుకుంటూ, కాసేపు మాట్లాడకుండా వినమన్నాను. పాపం, విన్నారు. ఏమిటా చప్పుడని అడిగారు. కప్పలన్నాను. ఇంటి పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి, "కుడతాయా మేడమ్?" అన్నాడు. నాలోపల ఎక్కడో ఇరవై మూడేళ్ల పిల్ల ఒకతి చున్నీ బిగించి లేచి నిలబడింది. ఆ పిల్లను చూసి నాకే ముద్దొచ్చింది. దాన్ని కాస్త ఆగమని చెప్పి, ఆయనతో "కుట్టవు నాయనా, దగ్గరికి రండి" అన్నాను.