కూర్చుని వాయించిన పాట

వికారాబాద్‌లో పెళ్లి బ్యాండు పెట్టి నలభై ఏళ్లు లాక్కొచ్చిన ఏసుదాసు గురించి రాయాలంటే ముందు ప్రేమ్‌సాగర్‌ను తిట్టాలి. తిట్టకుండా ఈ కథ చెప్పడం నా వల్ల కాదు. ఏసుదాసు బ్యాండులో ఉన్న పద్నాలుగు మందిలో నేనొకణ్ణి. సైడ్ డ్రమ్ము వాయిస్తాను.

ప్రేమ్‌సాగర్ ఒక ప్రైవేటు బడిలో సంగీతం సారు. ఫోన్లో జాజ్ వీడియోలు చూసీ చూసీ తానూ ఆ బాపతేనని నమ్మేశాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు. మా బ్యాండు ఎదురైతే ముక్కు చిట్లించి పక్క సందులోకి తిరిగే మనిషి, ఒకరోజు తనంతట తానే ఏసుదాసు ఇంటికొచ్చాడు.

"నీ బ్యాండుతోని ఆల్బం చేద్దాం ఏసుదాసూ. తెలుగుల జాజ్ పాటలు. నీ బిడ్డ పాడుతది. ఇంత పెద్ద బ్యాండు ఎనక పెట్టుకొని పాడినోళ్లు మన దిక్కు ఎవ్వలు లేరు," అన్నాడు.

ఏసుదాసు బిడ్డ ప్రియదర్శిని తాండూరులో నాపరాళ్ల పాలిషింగు యూనిట్‌లో లెక్కలు రాస్తుంది. రోజూ రైల్లో పోయి వస్తూ ఐదు పాటలు కట్టుకుంది. పెళ్లి ఊరేగింపు బరాత్‌లలో మాతో మైకు పట్టుకుని సినిమా పాటలు పాడుతుంది గానీ, సొంతవి ఎక్కడా పాడలేదు. ఎవరూ అడగలేదు మరి. ఆ ఐదు పాటలూ బిడ్డ గొంతులో నలుగురూ వినాలన్నదే ఏసుదాసు కోరిక, అందుకే సరేనన్నాడు.

చర్చి పక్క హాల్లో రికార్డింగు. ప్రేమ్‌సాగర్ మమ్మల్ని కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టాడు, వీడియోల్లో అలాగే కూర్చుంటారట. వాయించడం మొదలుపెట్టాం. పదో దెబ్బకల్లా పాట గాడి తప్పింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ తప్పింది. బాకాలు ఒకవైపు, క్లారినెట్లు ఒకవైపు.

"మీకు తాళం అంటే తెలుసా అసలు?" అని అరిచాడు సారు.

ఏసుదాసు లేచి నిలబడ్డాడు. "సార్, మా తాళం కాళ్లల్ల ఉంటది. నడుసుకుంట వాయించెటోళ్లం," అన్నాడు.

ఆ మాటతో అందరం లేచి, అడుగుల చప్పుడు రికార్డులో పడకుండా చెప్పులు విప్పి, జంపఖానా మీద ఉన్నచోటే అడుగులేస్తూ వాయించాం. అప్పుడు పాడింది ప్రియదర్శిని. రెండు ఆదివారాల్లో ఐదు పాటలూ అయిపోయాయి. రాళ్ల దుమ్ము గురించిన మూడో పాటకైతే మా పెద్ద డ్రమ్ము యోహాను కళ్లు తుడుచుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఆల్బం ఫోన్లోకి వచ్చింది. బొమ్మ మీద కోటు వేసుకున్న ప్రేమ్‌సాగర్. పాటలన్నిట్లోనూ ప్రేమ్‌సాగర్ గొంతే, ముక్కుతో పాడుతూ. పాటలు కట్టినామెగా ప్రియదర్శిని పేరు ఎక్కడా లేదు, కోరస్‌లో ఆఖరున మాత్రం ఉంది. ఏసుదాసు వెళ్లి నిలదీస్తే సిగ్గు లేకుండా చెప్పాడు.

"ఆమె గొంతుల బరాత్ వాసన పోలే ఏసుదాసూ. జాజ్ అంటే క్లాసు మ్యూజిక్."

నేనైతే అక్కడే చెంప పగలగొట్టేవాణ్ణి. ఏసుదాసు వెనుదిరిగి వచ్చేశాడు. తాండూరులో ఆల్బం విడుదల సభకు వాయిస్తామని ముందే మాటిచ్చాం, మాట తప్పడం ఆయనకు చేతకాదు.

ఫంక్షన్ హాలు నిండింది. స్టేజీ మీద తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు పద్నాలుగు. మాలో ఒక్కడికీ స్వరాల రాత చదవడం రాకపోయినా, ముందర కాగితాల స్టాండ్లు కూడా పెట్టించాడు సారు.

"ఈసారి నిలబడొద్దు. పరువు తియ్యకున్రి. కూసొనే వాయించాలె," అన్నాడు సారు.

ఏసుదాసు ఒకసారి నావైపు చూశాడు. తర్వాత మెల్లగా, "కూసోన్రి," అన్నాడు. అందరం కూర్చున్నాం.

ప్రేమ్‌సాగర్ ఆ మూడో పాటే ఎత్తుకున్నాడు. అనుకున్నట్టే చెదిరిపోయింది. ఆయన ఆగితే మేము సాగాం, ఆయన సాగితే మేము ఆగాం. ఒక నిజం ఒప్పుకోవాలి. నేను గట్టిగా పట్టుకుంటే తాళం నిలిచేది. పట్టుకోలేదు. హాలంతా ఈలలు, నవ్వులు. "దుమ్ము లేసింది రో" అని ఎవడో అరిచాడు. కోటు చెమటతో తడిసి, ప్రేమ్‌సాగర్ పాట మధ్యలోనే దిగిపోయాడు.

స్టేజీ వెనకకు వచ్చి పడీపడీ నవ్వుకున్నాం. ఏసుదాసు కూడా నవ్వాడు. అప్పుడు వచ్చింది ప్రియదర్శిని. హాల్లో ఆఖరి వరసలో కూర్చున్న సంగతే మాకు తెలియదు.

"నవ్వుడు అయిందా నాయ్నా?" అంది. "ఆయన నా పేరు తీసేసిండు. గొంతు తీసేసిండు. పాటన్న మిగిలిందనుకున్న. మంచిగుందని నలుగురంటే సాలనుకొని వచ్చి కూసున్న. గిప్పుడు గా పాట ఎత్తితే నవ్వుతరు."

ప్రేమ్‌సాగర్ దొంగ, నిజమే. కానీ వాడి మీద కసి తీర్చుకోవడానికి మాకు ఆమె పాటే దొరికింది. ఇంతకాలం వాణ్ణి చీదరించుకున్న నేను ఆమె మొహం చూడలేకపోయాను.

ఏసుదాసు, "ఇంకోపారి మంచిగ వాయిస్తం బిడ్డా, నిలవడి వాయిస్తం," అన్నాడు.

"ఎవలి ముందల నాయ్నా?" అంది ప్రియదర్శిని.