టేబుల్ మీది రూటరు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నాది కంప్యూటర్ నెట్‌వర్కుల పని. అందులో ఏదైనా ఆగిపోయిందంటే దానికో కారణం ఉంటుంది, నడుస్తోందంటే దానికీ ఓ కారణం ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. ఒక్కసారి మాత్రం దొరకలేదు.

మాది నర్సీపట్నం. కొయ్యూరు వైపు కొండ ఊళ్లలో ఉన్న చిన్న ఆసుపత్రులను ఇక్కడి డాక్టర్లతో కలిపే నెట్‌వర్కును నేనే చూసుకుంటాను. దారిలో ఉండే రూటర్లు, అంటే సమాచారాన్ని దారి పట్టించే పెట్టెలు, తమలో తాము మాట్లాడుకుని, ఒక దారి తెగితే వెంటనే రెండో దారి పట్టాలి. ఆ నియమాలన్నీ నేను రాసినవే. రోడ్డు పక్కన కేబులు ఒక దారి, కొండ మీద టవర్ రూటరు రెండోది. ఏజెన్సీ కొండల్లో ఇలాంటివి నిలవవని నవ్వినవాళ్లున్నారు. నిలబెట్టి చూపించాను.

ఆ వానాకాలం పిడుగు పడి టవర్ రూటరు కాలిపోయింది. మా టెక్నీషియన్ సూర్యనారాయణ గారు దాన్ని టవర్ నుంచి విప్పి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. కొత్తది ఇంకా రాలేదు. ఇక మిగిలింది కేబులొక్కటే.

ఒక మధ్యాహ్నం ఒక కొండ ఊరి ఆసుపత్రిలో ఒకామెకు కాన్పు కష్టమైంది. దారిలోని గెడ్డ, అదే కొండవాగు, పొంగి అంబులెన్సు ఇవతలే ఆగిపోయింది. వీడియోలో మా డాక్టరమ్మ చెబుతుంటే అక్కడి నర్సు చేస్తోంది. సరిగ్గా అప్పుడే నా స్క్రీన్ మీద కేబులు తెగినట్టు ఎర్ర గుర్తు వచ్చింది.

వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసి లైను పోయిందని చెప్పాను.

"ఎక్కడ పోయిందమ్మా? నర్సు చక్కగా కనపడుతోంది. ముందు ఫోన్ పెట్టేయ్!" అని కసిరారామె.

స్క్రీన్ మళ్లీ చూశాను. వీడియో టవర్ రూటరు మీదుగా వెళ్తోంది. సూర్యనారాయణ గారు నా భుజం మీదుగా తొంగి చూశారు.

"ఇదేటమ్మా? ఆ పెట్టి ఇక్కడే ఉంది కదా!"

ఇద్దరం దాని మీద చెయ్యి వేసి చూశాం. చల్లగా ఉంది. ఒక్క తీగ కూడా తగిలించి లేదు.

ఆయన వానలోనే బండేసుకుని వెళ్లి, దారిలోంచి ఫోన్ చేశారు. "రోడ్డు పక్క పెద్ద సెట్టు కూలిపోయి కేబులు రెండు ముక్కలైపోయిందమ్మా."

నేను స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు. లైను వణకలేదు. చివరికి డాక్టరమ్మే ఫోన్ చేశారు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. కాల్ మధ్యలో బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదట. "నీ నెట్‌వర్కు గట్టిదేనమ్మా!" అన్నారు. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఫోన్ పెట్టి చూస్తే స్క్రీన్ మీద ఆ దారి లేదు.

స్క్రీన్ పాత సమాచారం చూపించిందేమో అనుకున్నాను. మరి వీడియో ఎలా నడిచింది? ఆ ఊళ్లో మొబైల్ సిగ్నల్ కూడా ఉండదు. వాన తగ్గాక టవర్ దగ్గరికి వెళ్లాం. రూటరు బిగించే పెట్టె ఖాళీ. తీగల కొసలకు సూర్యనారాయణ గారు చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది.

ఆయన చేతులెత్తి టవర్‌కు దండం పెట్టారు. నేను పెట్టలేదు, నవ్వనూ లేదు.

ఆ దారిన నడిపించిందెవరో గానీ, కేబులు తెగితే రెప్పపాటులో రెండో దారి పట్టాలన్న నా నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. ఆ రోజు మా లైను నిలబడిందని ఎవరి ముందైనా తలెత్తుకుని చెబుతాను. ఎలా నిలబడిందని అడిగితే మాత్రం, ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు.