కాకి ఎంగిలి చాక్లెట్

మా బడి రేపల్లె దాటాక రొయ్యల చెరువుల మధ్య ఒక ఊళ్ళో ఉంది. నేను తెనాలిలో పొద్దున్నే రైలెక్కి రేపల్లెలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళతాను. బడికి ప్రహరీ గోడ ఉందన్న మాటే గానీ వెనక వైపు కూలిపోయింది. కట్టించమని నేను అడుగుతూనే ఉన్నాను, చూద్దామని అందరూ అంటూనే ఉన్నారు. సాయంత్రం మేం తాళం వేసి వెళ్ళగానే ఊళ్ళో కుర్రకారు ఆ సందులోంచి దూరి మా వరండాలో చేరతారు. తెల్లారి మేం వచ్చేసరికి సీసాలు, సిగరెట్ పీకలు, ప్లాస్టిక్ గ్లాసులు. వాటిని పిల్లల చేత ముట్టనివ్వకుండా మా ఆయా, నేను ఏరి పారేసేవాళ్ళం. నేను విసుక్కుంటే హెడ్మాస్టరు నవ్వేవారు, ఊరన్నాక ఇవన్నీ ఉంటాయమ్మా అని. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను చెప్పబోయే పిల్ల మూడో తరగతి. అమ్మానాన్నలు చెరువుల దగ్గర కూలి చేస్తారు. చూడ్డానికి పుల్లలా ఉంటుంది గానీ ఏది దొరికినా ఒక్కతే తిని ఎరగదు. జామకాయైనా, పల్లీ ఉండైనా గౌను అంచులో చుట్టి, గుడ్డ మీంచి కొరికి ముక్కలు చేసి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ పెడుతుంది. అలా కొరికితే ఎంగిలి అంటదు, అది కాకి ఎంగిలి. మనందరం చిన్నప్పుడు తిన్నవాళ్ళమే. ఒక ముక్క నాకు కూడా తెచ్చి టేబుల్ మీద పెట్టడం దాని అలవాటు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడుకుంటుంటే బంతి కూలిన గోడ వైపు వెళ్ళింది. తేవడానికి ఈ పిల్ల వెళ్ళింది. ఇటుకల మధ్య ఒక కవరు, అందులో మెరిసే కాగితాలు చుట్టిన చాక్లెట్లు. కాగితం మీద ఉన్నవి మన అక్షరాలు కావు. అయితేనేం, చాక్లెట్ చాక్లెట్టే. బోరింగు దగ్గర కూర్చుని గౌనులో చుట్టి కొరికి స్నేహితులకు పంచేసింది. నేను క్లాసుకు వచ్చేసరికి నా టేబుల్ మీద చిన్న ముక్క ఉంది. ఎవరిదో పుట్టినరోజు కాబోలు అనుకుని పక్కన పెట్టి లెక్కలు మొదలుపెట్టాను.

కాసేపటికి ఒక పిల్లవాడు ఎక్కం చెబుతూ చెబుతూ నవ్వడం మొదలుపెట్టాడు. కసిరాను. ఆగలేదు. ఆ నవ్వులో సంతోషం లేదు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఇంకొక పిల్ల, బోర్డు మీదికి వచ్చేస్తోంది టీచర్ అని చేతులు అడ్డం పెట్టుకుంది. మరొకతి వాంతి చేసుకుంది. చాక్లెట్ పంచిన పిల్ల బెంచి మీద తల వాల్చేసి ఉంది. లేవదీస్తే మెడ తోటకూర కాడలా వేలాడింది. ఏం తిన్నారే అని మిగతా పిల్లల్ని గద్దిస్తే, కాకి ఎంగిలి చాక్లెట్ అనీ, గోడలో దొరికిందనీ ఏడుస్తూ చెప్పారు. టేబుల్ మీద ముక్కను చేతిరుమాల్లో కట్టుకున్నాను.

పిల్లల్ని ఆటోల్లో వేసుకుని రేపల్లె బయలుదేరాం. ఆ పిల్ల నా ఒళ్ళో ఉంది. పక్కన వాంతి చేసుకున్న పిల్లను పట్టుకుని బడి వంటామె కూర్చుంది. ముందు సీట్లోంచి హెడ్మాస్టరు తల వెనక్కి తిప్పి గొంతు తగ్గించారు.

"ఎండదెబ్బ అందామమ్మా. కాదూ కూడదంటే గుడ్డు తేడా చేసిందందాం. బడి పేరు పోకూడదు కదా."

గుడ్డు ఉడికించినామె అక్కడే కూర్చుని వింటోంది. ఆవిడ తల వంచుకుంది. ఎవరి కొడుకుల పేర్లు బయటికి రాకూడదని ఆయన భయమో నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఒళ్ళో పిల్ల లేకపోతే ఆ ఆటోలోనే ఆయన్ని ఏమనేదాన్నో.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగింది. ఆయన నోరు తెరిచేలోపు నేను రుమాలు విప్పి ఆమె చేతిలో పెట్టాను. వాసన చూసి ఆమె ముఖం మారిపోయింది. గంజాయి చాక్లెట్ అని చెప్పింది. తలా ఎంత తిన్నారని అడిగితే, పంటి కొస అంత అన్నాను. ఈ పిల్ల మాత్రం గౌనుకు అంటుకున్నదంతా నాకేసిందట.

"పంచుకున్నారు కాబట్టి సరిపోయిందండి. ఈ బక్క ప్రాణం ఒక్కతే అన్నీ తినేసుంటే మన చేతికి దక్కేది కాదు" అంది డాక్టరమ్మ.

మిగతా పిల్లలు సాయంత్రానికి తేరుకున్నారు. ఈ పిల్లను తెనాలి పెద్దాసుపత్రికి పంపించారు. అంబులెన్సులో వాళ్ళమ్మ, నేను. మర్నాటికి గానీ కళ్ళు తెరవలేదు. తెరవగానే వాళ్ళమ్మ చేసిన మొదటి పని ముద్దు పెట్టుకోవడం కాదు. అందరికీ ఎందుకు పెట్టావే ముదనష్టపుదానా అని వీపు మీద ఒక్కటి చరిచి, ఆ తర్వాత కావలించుకుని భోరుమంది. ఊరి నుంచి అప్పటికే ఫోన్లు వచ్చేశాయి ఆవిడకి.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం ఆ ఊళ్ళో చూడాలి. ఆ చాక్లెట్లు దాచిందెవరో ఊరందరికీ తెలుసు. పోలీసులు వచ్చి అడిగితే అందరూ బెల్లం కొట్టిన రాళ్ళయ్యారు. బడిలో తల్లిదండ్రుల మీటింగు పెడితే మాత్రం గొంతులు లేచాయి. మా పిల్లలకు తినిపించింది ఆ పిల్లే, దానికి టీసీ ఇచ్చి పంపండి అని. పంపడానికి హెడ్మాస్టరు సిద్ధమే. ఇది చాలదన్నట్టు, బయటి తిండి క్లాసులోకి ఎలా వచ్చిందో సంజాయిషీ ఇమ్మని నన్ను బాపట్ల డీఈవో ఆఫీసుకు పిలిపించారు. గోడ ఎందుకు కట్టలేదని అడిగినవాళ్ళు లేరు.

బడి మీటింగులో నేను లేచి నిలబడ్డాను.

"ఆ పిల్లకు టీసీ రాయండి సార్. దాంతోపాటు రోజూ మన వరండాలో కూర్చునేవాళ్ళ పేర్లు కూడా రాయండి. రెండిటి కిందా నేను సంతకం పెడతాను."

టీసీ మాట మళ్ళీ రాలేదు. గెలిచాననుకున్నాను, నా పిచ్చి గానీ.

పిల్ల బడికి వచ్చింది. దాని బెంచి మీద ఎవరూ కూర్చోలేదు. ఇళ్ళల్లో తల్లులు ఒట్లు వేయించుకుని పంపారట. నేను పిల్లల్ని లాక్కొచ్చి పక్కన కూర్చోబెడితే, నేను బోర్డు వైపు తిరగ్గానే లేచి పోయేవారు. ఎనిమిదేళ్ళ పిల్లల్ని కొట్టను కదా. కొట్టాల్సినవాళ్ళు బండ్ల మీద దర్జాగా తిరుగుతున్నారు, ఎదురైతే టీచరుగారండీ అని పలకరిస్తున్నారు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. చాలాసేపు బల్ల అంచు గోకింది.

"అవన్నీ నేనొక్కదాన్నే తినేసుంటే ఏ గొడవా అయ్యేది కాదు కదా టీచర్?"

దగ్గరికి లాక్కున్నాను. పంచుకున్నందుకే అందరూ బాగున్నారనీ, నువ్వూ బాగున్నావనీ, డాక్టరమ్మే చెప్పిందనీ ఒకటికి రెండుసార్లు చెప్పాను.

బుద్ధిగా తలూపింది. నమ్మలేదు.