డోలాయన దూది

పలాస స్టేషన్లో నా పక్కన కూర్చున్న డోలు వాయించే ముసలాయన "బండొత్తంది బాబూ" అన్నాడు. నాకు బండి చప్పుడేమీ వినబడలేదు. ఏళ్ల తరబడి హోరుపెట్టి, తల తిరిగేలా చేసి, నా ఎడమ చెవి పోయింది. కుడిచెవిలోనూ హోరు మొదలైంది. అతని చెవులు చూసి కుళ్ళుకున్నాను. అవీ పోతే బాగుండుననిపించింది.

అతను నూనెలో తడిపిన దూది ఉండలు రెండు తీశాడు.

"కూతకి సెవులు పాడైపోతాయి. సెవులుంటేనే కదా డోలు."

నా చెవుల సంగతి చెప్పాను.

"ఇనపడతన్న సెవి ఏది?" అని అడిగి, ఒక ఉండ నా చేతిలో పెట్టాడు. కుడిచెవిలో పెట్టుకున్నాను.

బొగ్గింజను కూస్తూ వచ్చింది. అతను రెండు చేతులా డోలు ఎత్తుకుని లేచాడు. అతని ఒక చెవికి దూది లేదు. కూతకి అతని కళ్లు గట్టిగా మూసుకుపోయాయి.

నా కుడిచెవి ఇప్పటికీ కొంత వింటోంది.