రికవరీ డిస్కులో గోపాల్‌పేట

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కంప్యూటర్ దానంతట అదే ఆన్ అవుతోందని ఎవరైనా భయపడుతూ వస్తే, ముందు స్విచ్ చూడమనే రకం నేను. వనపర్తిలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తాను.

నాకంటే ముందు ఆ కుర్చీలో సుజాతక్క ఉండేది. నాకు పని నేర్పింది ఆమే. ఇది జరిగేనాటికి ఆమె జ్వరమొచ్చి పోయి రెండేళ్లు. అయినా ఎక్కడికి వెళ్లినా ఆమె పేరే. చనిపోయిన మనిషిని చూసి కుళ్లుకోవడం తప్పని తెలుసు. అయినా కుళ్లుకున్నాను, దాచడం ఎందుకు.

విండోస్ పాడైన కంప్యూటర్‌ను లేపడానికి మేం రికవరీ డిస్క్ వాడతాం. ఇప్పుడది పెన్‌డ్రైవే. దాంట్లో నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లు, అంటే ఆ కార్డులను కంప్యూటర్‌కు గుర్తుపట్టించే చిన్న ప్రోగ్రాములు కూడా వేసుకోవాలి. లేకపోతే కంప్యూటర్ లేచినా, వైరుకు అవతల ఉన్న బ్యాకప్ దానికి కనబడదు. అక్క ఒక్కో డ్రైవర్‌కు ఆ కార్డు మొదట తగిలిన ఊరి పేరు పెట్టేది. “నంబర్లు యాదికుండయే, ఊర్లయితే యాదికుంటయ్” అనేది. నాకది నచ్చేది కాదు. ఆమె డిస్కును సొరుగులో పడేసి, కొత్త పెన్‌డ్రైవ్‌తో నా సొంత డిస్క్ చేసుకున్నాను. మూడే డ్రైవర్లు వేశాను. మూడింటికీ మోడల్ నంబర్లే పెట్టాను.

మర్నాడు పొద్దున్నే గోపాల్‌పేటలో ఒక కాలేజీ నుంచి ఫోన్. నెల కిందట కొన్న కంప్యూటర్ లేవడం లేదు. పిల్లల ప్రాక్టికల్ మార్కులన్నీ దాంట్లోనే ఉన్నాయి, సాయంత్రంలోగా పంపాలి. బ్యాకప్ పక్క గదిలోని స్టోరేజ్ పెట్టెలో ఉంది. నా డిస్క్‌తో కంప్యూటర్ లేచింది కానీ, నెట్‌వర్క్ కార్డును గుర్తుపట్టలేదు. మూడు డ్రైవర్లూ పనికిరాలేదు. సరైన డ్రైవర్ దింపుకుందామంటే కేబుల్ తెగి ఊళ్లో ఇంటర్నెట్ లేదు, ఫోన్‌లోనూ రావడం లేదు.

అక్కడి క్లర్కు అంజమ్మ నా వెనకే నిలబడింది. “సుజాతమ్మ ఉంటే జర్రసేపట్లనే అయిపోతుండె” అంది. నాకు ఒళ్లు మండింది.

కసిగా డ్రైవర్ల లిస్టు మళ్లీ తెరిచాను. ఈసారి నాలుగున్నాయి. నాలుగోదాని పేరు గోపాల్‌పేట.

అది నేను వేసింది కాదు. అయినా నొక్కాను. కంప్యూటర్ కార్డును గుర్తుపట్టింది. మధ్యాహ్నానికి మార్కులన్నీ తిరిగొచ్చాయి.

షాపుకొచ్చి అన్నీ వెతికాను. అక్క పాత డిస్కులో ఆ డ్రైవర్ లేదు. ఉండే వీలూ లేదు, ఆ కార్డు మార్కెట్లోకి వచ్చిందే ఆమె పోయాక. నా పెన్‌డ్రైవ్ నా బ్యాగు దాటలేదు. పరధ్యానంలో నేనే వేశానా అంటే, అలాంటి కార్డొకటి ఉందనే అప్పటిదాకా నాకు తెలియదు. అదెలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజు కాలేజీ నుంచి బయల్దేరుతుంటే అంజమ్మ నా చేయి పట్టుకుంది. “సుజాతమ్మ కంటె నువ్వే నయమున్నవ్, కవితమ్మా” అంది. రెండేళ్లుగా ఆ మాట కోసమే చచ్చాను. జరిగింది చెబుదామని నోరు తెరిచి, థ్యాంక్స్ చెప్పి బస్సెక్కాను.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. భయపడి కాదు. చెబితే ఆ ఒక్క మాట కూడా మళ్లీ అక్కదే అయిపోతుంది.